మబ్బు కింద యోహానుపేట

8 ఫిబ్రవరి 1999, సోమవారం

మా ఆయన నతానియేల్ పనిచేసే లాబ్‌కి మందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా దగ్గు మందు ప్రకటన ఉంది. కూరగాయల చీటీలు రాసుకోమని నాకిచ్చారు. ఈరోజు మాత్రం ఒక సంగతి ఎవరితోనూ చెప్పాలని లేదు, లోపల ఉంచుకోవాలనీ లేదు.

ఆఫీసులో కొత్త పని వచ్చింది. తీరం పటాలు. పాతికేళ్ళ నాటి సర్వే షీటు మీద ఈ జనవరిలో ఉపగ్రహం తీసిన బొమ్మని కంప్యూటర్లో పరచాలి. అప్పుడు సముద్రం ఎక్కడుందో, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చూసి మౌస్‌తో కొత్త గీత గీయాలి. మొత్తం పదిహేడు షీట్లు. మేనేజరు సోమేశ్వరరావు గారు అవి పంచుతూ నా దగ్గరికొచ్చేసరికి నవ్వారు.

"గోదావరి వైపు షీట్లు మీరు తీసుకోండి ఎవాంజెలిన్ గారూ. మీ నేల మీకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు కదమ్మా."

"అలాగేనండి" అన్నాను. నా నోటికి వచ్చే మొదటి మాట ఎప్పుడూ అదే.

తొమ్మిదో షీటులో యోహానుపేట ఉంది. మా ఊరు. మా రూతు ఉన్నది అక్కడే.

15 ఫిబ్రవరి

సోమేశ్వరరావు గారు మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పారు. సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి కదా, గాలిలో కూడా వేలితో గీతలు గీస్తారు. భూమి వేడెక్కుతోందట. వేడెక్కిన నీళ్ళు ఉబ్బుతాయట, ధ్రువాల దగ్గర మంచు కరుగుతోందట. రాబోయే వందేళ్ళలో సముద్రం మూరెడు లేచినా లేవొచ్చు, రెండు మూరలు లేచినా లేవొచ్చునట. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతుంటే డెల్టాకి కొత్త మట్టి కూడా రావడం లేదట.

వేడికి పొంగుతుందంటే నాకేం వింత కాలేదు. రోజూ పాలు కాచేదాన్ని. వందేళ్ళు అనడమే నచ్చలేదు. మా ఊళ్ళో సముద్రం అంత ఓపిగ్గా లేదు.

ఈ పటాలు పూర్తయ్యాక, సముద్రానికి రెండు వందల మీటర్ల లోపు పడ్డ ఊళ్ళకి ప్రభుత్వం లోపలివైపు ఇళ్ళ స్థలాలు ఇస్తుందని కూడా చెప్పారు. పటం చూసి స్థలాలు ఇచ్చే సర్కారు ఎక్కడైనా ఉందా? అర్జీలు పెట్టాలి, మండలాఫీసు చుట్టూ తిరగాలి, ఫొటోలు చూపించాలి. ఆ తిరుగుడేదో అన్నయ్య ఎలాగూ తిరుగుతున్నాడు.

22 ఫిబ్రవరి

ఇస్సాకు అన్నయ్య ఉత్తరం రాశాడు. ఎనభై నాలుగు ఇళ్ళలో యాభై ఒకటి మిగిలాయట. చేపలు ఎండబెట్టే జాగా మొత్తం పోయిందట. ఇళ్ళ స్థలాల కోసం అందరిచేతా వేలిముద్రలు వేయించి అర్జీ ఇచ్చాడట. "ఈసారి రాకపోతే ఇంక మనవాళ్ళు తలో దిక్కూ అయిపోతారు చెల్లీ" అని రాశాడు.

సమాధుల గురించి ఒక్క మాటా రాయలేదు. అంటే అక్కడ బాగానే ఉన్నట్టు.

4 మార్చి

తొమ్మిదో షీటు తెరిచాను. మూసేశాను. తలనొప్పి అని చెప్పి పెందలాడే వచ్చేశాను. కొత్తగూడ దగ్గర బండలు పేలుస్తున్నారని బస్సు అరగంట ఆపేశారు. ఈ హైదరాబాదులో కొండల్ని పిండి చేసి నేల చదును చేస్తున్నారు. లారీల నిండా రాయి. అందులో పది లారీలు మా ఊరికి పంపితే ఏం పోయింది వీళ్ళకి?

5 మార్చి, శుక్రవారం

పాత షీటులో మా ఊరు వేలి గోరంత. చర్చికి శిలువ గుర్తు, దానికి తూర్పున సమాధుల గుర్తు, ఆ తర్వాత ఖాళీ ఇసుక, ఆ తర్వాత నీలం. ఉపగ్రహం బొమ్మని దానిమీద పరిచాను. నీలం శిలువ దాకా వచ్చింది. కాదు, సరిగ్గా రాయాలి. శిలువ దగ్గర తెల్లగా ఉంది. సన్నటి తెల్లటి పట్టీ. సమాధుల గుర్తు సగం దాని కిందా సగం నీలం కిందా ఉంది. ఆ నీలం కూడా పలచగానే ఉంది.

మబ్బు ఉన్నచోట నియమం ఏమిటంటే, కింద ఏముందో ఊహించకూడదు. పాత షీటులో గీత ఎక్కడుందో అక్కడే గీయాలి. పక్కన 'మబ్బు' అని రాయాలి. ఇది సోమేశ్వరరావు గారు మొదటిరోజే చెప్పారు, నేను పెట్టిన నియమం కాదు.

అక్కడ మబ్బు ఉంది. పాత గీతే తీసుకున్నాను.

గీసినవాళ్ళ పని ఇంకొకరు సరిచూడాలి. నా షీట్లు సరిచూసేది సంధ్య. సిద్దిపేట దగ్గర్నుంచి వచ్చిన పిల్ల, ఇంతవరకూ సముద్రం చూడలేదు.

"అక్కా, జనవరి బొమ్మల మబ్బేంది? మిగతా షీటంత సాఫుగున్నది గదా."

"మా వైపు పొద్దున పూట అలాగే ఉంటుంది సంధ్యా. నీళ్ళ మీంచి లేస్తుంది."

"గట్లనా? నాకేమెరుక. నువ్వు ఆ దిక్కుదానివే, నువ్వంటే అంతే ఇగ." అని సంతకం పెట్టేసింది. పెట్టి, సముద్రం వాళ్ళ ఊరి చెరువుకన్నా ఎంత పెద్దదని అడిగింది. అవతలి గట్టు కనిపించదని చెప్పాను. నమ్మలేదు.

6 మార్చి

మబ్బే అది.

13 మార్చి

నతానియేల్ కాకినాడ వెళ్ళారు. పెదనాన్నగారి కొడుక్కి ఒంట్లో బాగాలేదట. మూడు రోజుల్లో వస్తానన్నారు. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు. కాకినాడ దాకా వెళితే యోహానుపేట వెళ్ళాలి, యోహానుపేట వెళితే చూడాలి.

16 మార్చి

వచ్చారు. పంపు దగ్గర చేతులు చాలాసేపు కడుక్కున్నారు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఎవరికి అన్నారు. మీ పెదనాన్నగారి అబ్బాయికి అన్నాను. పర్లేదు అన్నారు. రాత్రి అన్నం సరిగా తినలేదు. ప్రయాణం బడలిక.

4 ఏప్రిల్, ఈస్టర్

తెల్లవారుజామున ఆరాధనకి వెళ్ళాం. ఆరాధన అయ్యాక అందరూ పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళారు. ఈ ఊళ్ళో మాకెవరూ లేరు. గేటు దగ్గర నిలబడ్డాం, పెళ్ళికి పిలవకుండా వచ్చినవాళ్ళలా.

రూతుకి ఇప్పుడు మూడేళ్ళు నిండి నాలుగో ఏడు నడిచేది. తొంభై ఆరు నవంబరు తుఫానులో రోడ్డు తెగిపోయి, జ్వరంతో ఉన్న పిల్లని కాకినాడ తీసుకెళ్ళలేకపోయాం. పద్నాలుగు నెలల పిల్ల. అన్నయ్య తన పడవ పలకలు ఊడదీసి పెట్టె చేశాడు. ఆ పలకల మీద నీలం రంగు అప్పటికింకా పోలేదు. సమాధికి మేం సున్నం వేసింది ఒక్కసారే, ఆ తర్వాత ఇక్కడికి వచ్చేశాం. నేనే వచ్చేద్దామన్నాను.

ఈ మాట ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాస్తే తేలికవుతుందంటారు. అబద్ధం.

2 మే

ఏమీ లేదు. ఎండ.

17 జూన్, గురువారం

ఇంటి ఓనరు ఎల్లమ్మ గారు పైనుంచి కేకేశారు. "బిడ్డా, మీ అన్న ఫోనున్నది, జర జల్ది రా!"

జాబితా వచ్చిందట. పదకొండు ఊళ్ళకి స్థలాలిచ్చారట. యోహానుపేట లేదు. పక్కన కారణం రాశారట. సముద్రానికి దూరం ఐదు వందల నలభై మీటర్లు.

"ఐదొందల నలభయ్యంట! చర్చి వెనక గోడకి అల కొడతా ఉంటే ఐదొందల నలభై ఎక్కడిది చెల్లీ? ఆళ్ళకి కళ్ళున్నాయా?"

కనుక్కుంటానన్నాను.

18 జూన్

పటం ఒక్కటే కారణమై ఉండదు. అర్జీలో ఏదో లోపం ఉండి ఉంటుంది. మండలాఫీసులో ఎవరో ఏదో తిరకాసు పెట్టి ఉంటారు.

19 జూన్

ఐదు వందల నలభై. పాత షీటులో కొలిచాను. ఐదు వందల నలభై.

20 జూన్

మబ్బు కాదు. మా ఊరి నురగ నాకు తెలియదా? పుట్టినప్పటినుంచీ చూసిన నురగ. చర్చి వెనక అలలు విరిగి తెల్లగా పరుచుకుంటే ఆకాశంలోంచి సన్నటి పట్టీలా కనిపిస్తుంది. ఆ రోజే తెలుసు నాకు. గీత సమాధుల మీదుగా వెళ్ళాలి. నా చేత్తో నా బిడ్డ మీదుగా సముద్రాన్ని తీసుకురాలేకపోయాను. అంతే జరిగింది. యాభై ఒక్క ఇళ్ళవాళ్ళ నోట్లో మట్టి కొట్టాను.

11 జూలై, ఆదివారం

అన్నయ్య వచ్చాడు. ప్రభుత్వం గడప తొక్కి అడుగుతాడట. చేతిలో పటం జిరాక్సు, మడతల దగ్గర చిరిగిపోయింది. యాభై ఒకటి ఇప్పుడు నలభై ఆరయ్యాయట. ఆ నలభై ఆరు ఇళ్ళవాళ్ళూ వెనక్కి జరిగి కరకట్ట మీద తాటాకు పాకలు వేసుకున్నారట. మధ్యాహ్నం అన్నం పెట్టాను. తింటూనే మా ఆయనతో మాట్లాడుతున్నాడు.

"ఏ దరిద్రుడు గీశాడో గానీ బావా, ఆడి చెయ్యి పడిపోను. ఎవా, నువ్వు ఇలాంటి ఆఫీసులోనే కదా చేస్తున్నావు. ఎవడో కనుక్కోలేవా?"

గరిటె చేతిలో ఉంది. "నేనే అన్నయ్యా" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. మబ్బు సంగతి, నురగ సంగతి, సమాధుల గుర్తు సంగతి, అన్నీ చెప్పాను. "గీత సరిగా గీస్తే రూతు నీళ్ళలోకి వెళ్ళిపోతుంది అన్నయ్యా. నా వల్ల కాలేదు."

అన్నయ్య అన్నం చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నన్ను తిట్టలేదు. మా ఆయన వైపు చూశాడు. ఆయన గోడ వైపు చూస్తున్నారు.

"చెప్పలేదా బావా?"

"ఏం చెప్పాలి?" అన్నాను.

నతానియేల్ అప్పుడు చెప్పారు. మార్చిలో ఆయన వెళ్ళింది కాకినాడ కాదు. సమాధుల గోడ పడిపోయిందని, ఎవరివాళ్ళని వాళ్ళు తీసుకెళ్ళమని పాస్టరుగారు కబురు పెట్టారట. అన్నయ్యా ఆయనా కలిసి తవ్వారట. మూడు మైళ్ళు లోపల పెదపాలెం సమాధుల తోటలో పెట్టి వచ్చారట.

"నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు ఎవా."

నేను తట్టుకోలేనని అందరికీ తెలుసు. నాక్కూడా తెలుసు. అందుకే కదా ఇంత చేసింది.

పలకలు ఉన్నాయా అని అడిగాను. కొన్ని ఉన్నాయన్నారు. నీలం రంగు ఉందా అని అడిగాను. ఆయన ఏడవడం మొదలుపెట్టారు. అన్నయ్య లేచి చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అయిందేదో అయింది. నువ్వే గీశావు కాబట్టి నువ్వే సరిచేస్తావు. ఒక రకంగా మంచిదే అయింది, మన మనిషి చేతిలోనే ఉంది" అన్నాడు.

ఆ మాట తిట్టుకన్నా బరువుగా ఉంది. సాయంత్రం బస్సెక్కాడు.

12 జూలై

సోమేశ్వరరావు గారికి చెప్పేశాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టుకుని అంతా విన్నారు. పాప పేరేమిటని అడిగారు. చెప్పాను.

"నేను అరవవచ్చమ్మా. అరిస్తే గీత కదలదు. దిద్దండి. దిద్దినంతసేపూ సంధ్య పక్కన కూర్చుంటుంది. ఇకపై బొమ్మలోనో షీటులోనో లేనిదేదీ మీ చేత్తో పెట్టనని రాసివ్వండి."

రాసిచ్చాను. దిద్దిన షీటు పంపితే రెండో జాబితాలో చూస్తారట. అన్నయ్యకి ఫోను చేసి చెప్పాను. "చూశావా!" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని చాలా రోజులైంది.

సంధ్య మాత్రం మధ్యాహ్నం డబ్బా నాతో తినలేదు. సంతకం తనది కూడా కాబట్టి తనకీ మెమో ఇచ్చారు.

14 జూలై, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది గంటలకి తొమ్మిదో షీటు తెరిచాం. నీళ్ళు ఉన్నచోటికి గీతని తెచ్చాను. సమాధుల గుర్తు మీదుగా తీసుకెళ్ళాను. ఖాళీ గోతులు కదా అని సర్దిచెప్పుకున్నాను. చర్చి వెనకగా వచ్చాక తీరం ఊరి మీదుగానే పోతోంది. ఊరి గుర్తు, ఆ పక్కన పేరు, రెండూ నీలంలో పడ్డాయి. తప్పని ప్రోగ్రాం ఎర్రగా చూపించింది.

ఇంకో నియమం కూడా ఉంది. ఊరి గుర్తు నేల మీదే ఉండాలి. నీళ్ళలో పడితే గుర్తు తీసేయాలి, పేరూ తీసేయాలి.

సోమేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఊరు కరకట్ట మీదికి జరిగిందండి. నలభై ఆరు పాకలున్నాయి. మా అన్నయ్య అందులోనే ఉంటున్నాడు."

"ఉంటారమ్మా, నేను కాదనను. బొమ్మలో కనిపిస్తున్నాయా?"

"లేదండి. జనవరి బొమ్మ కదండీ, అప్పటికింకా జరగలేదు. జరిగినా తాటాకు పాకలు అంత ఎత్తునుంచి కనిపించవు."

"పాత షీటులో?"

"లేవండి."

"మరి దేన్ని చూసి పెడతారు? ఎవరైనా వెళ్ళి చూసి రాసిస్తే పెట్టొచ్చు. వెళ్ళి చూసే పని ఈ ఒప్పందంలో లేదు. నేను పైకి రాస్తాను. ముందు షీటు ముగించండి, రేపు పంపాలి."

వచ్చి కూర్చున్నాను. కట్ట గీత స్క్రీను మీద స్పష్టంగా ఉంది. దానిమీద ఒక చుక్క పెట్టి పేరు రాయడానికి ఎంతసేపు? నా ముఖం చూసి సంధ్యకి అర్థమైంది.

"వద్దక్కా. నీ కాళ్ళు మొక్కుత. ఈసారి నా నౌకరి పోతది. ఇంట్ల అమ్మకు దవాఖాన ఖర్సు నేనే గదా ఎల్లదీస్తున్న."

"అక్కడ నిజంగానే ఊరుంది సంధ్యా."

"అప్పుడు గూడ నిజంగనే మబ్బున్నదంటివి గదక్కా."

లేనిదాన్ని ఉందన్నప్పుడు అందరూ నమ్మారు. ఇప్పుడు ఉన్నదాన్ని ఉందంటే నమ్మేవాళ్ళు లేరు. సంధ్య మంచిది. తప్పు తనది కాదు.

యోహానుపేట అనే పేరు ఎంచుకుని తీసేశాను. నిజంగా తీసేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవును అన్నాను. షీటు మీద ఎర్ర గుర్తులు పోయాయి, తప్పులు సున్నా అని వచ్చింది. సంధ్య సంతకం పెట్టింది.

15 జూలై

పైకి రాశానని సోమేశ్వరరావు గారు చెప్పారు. రాసిన కాగితం కూడా చూపించారు. మంచి ఇంగ్లీషు.

ఆగస్టు

తేదీ గుర్తులేదు. అన్నయ్యకి గీత సరిచేశానని చెప్పాను. అది నిజమే.

19 సెప్టెంబరు

చర్చి తూర్పు గోడ కూలిందట. గంట దింపి కట్ట మీద తాటి దుంగకి కట్టారట. అక్కడే ఆరాధన. అన్నయ్య అడుగుతున్నాడు, జాబితా ఎప్పుడని. నేను అడుగుతున్నాను, పైకి రాసిన కాగితానికి జవాబు ఎప్పుడని. జవాబు రాలేదు. ఆ ఒప్పందం ముగిసిపోయింది, మాకు ఇప్పుడు వేరే దేశం రోడ్ల పటాలిచ్చారు.

10 అక్టోబరు

అన్నయ్యకి చెప్పాలి. వచ్చే ఆదివారం చెప్తాను.

17 అక్టోబరు

లైను దొరకలేదు. ఒకసారి చేశాను.

24 అక్టోబరు

చేయలేదు.

2 నవంబరు, సమాధుల పండుగ

పెదపాలెం వెళదామని నతానియేల్ అన్నారు. సెలవు దొరకదన్నాను. నేను అడగనేలేదు. అక్కడికి వెళితే కట్ట మీద నుంచే వెళ్ళాలి, ఆ నలభై ఆరు పాకల ముందు నుంచి.

ఆయన ఒక్కరే వెళ్ళారు. ఒక చిన్న డబ్బాలో సున్నం కలిపి ఇచ్చాను.

23 నవంబరు, మంగళవారం

ఎల్లమ్మ గారు ఇవాళ కేకేయలేదు, కిందికి దిగి తలుపు తట్టారు. "మీ అన్ననే బిడ్డా. గొంతు ఎట్లనో ఉన్నది."

పైకి వెళ్ళాను. అన్నయ్య ఊరి ఎస్టీడీ బూతు నుంచి మాట్లాడుతున్నాడు. వెనక చాలామంది ఉన్నట్టు గోలగా ఉంది. రెండో జాబితా వచ్చిందట, అందులోనూ మా ఊరు లేదట. అందరూ కలిసి మండలాఫీసుకి వెళ్ళారట. గుమస్తా పటం బల్ల మీద పరిచి, కట్ట పొడుగునా స్కేలు పెట్టి, అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ వాళ్ళ ఎదురుగానే వెతికాడట.

"ఆ పేరుతో ఊరే లేదంట చెల్లీ. ఊరే లేనప్పుడు స్థలం ఎవరికివ్వాలంటున్నాడు. నేను చెప్పాను, మా చెల్లెలు హైదరాబాదులో ఈ పటాలే గీస్తాది, తనే సరిచేసింది, మీరు చూసింది పాతదయ్యుంటాది అని. అందరి ముందూ గట్టిగా చెప్పొచ్చాను. ఇదిగో, అందరూ ఇక్కడే ఉన్నారు, నీ నోటితో నువ్వు చెప్తే వింటారని. చెప్పు ఎవా. పేరు ఎలా పోయింది?"

అటువైపు గోల ఆగిపోయింది. నేను చెప్పేది వినడానికి ఊరంతా నోరు మూసుకుంది. అల శబ్దం కూడా వినిపించింది, సముద్రం బూతుకి అంత దగ్గరగా వచ్చేసినట్టుంది.

"హలో" అన్నాను. "హలో, అన్నయ్యా, వినిపించట్లేదు."

"చెల్లీ?"

"వినిపించట్లేదన్నయ్యా" అని ఇంకోసారి గట్టిగా అని, పెట్టేశాను.